రంగం రేవు బొమ్మ

మొన్న మా మనవరాలు సినిమా పత్రిక ఒకటి పట్టుకొచ్చి నా మంచం మీద చతికిలబడింది. పాఠకులు తమకు నచ్చిన గొప్ప భారతీయ చిత్రాలేవో రాసి పంపాలట. "ఈ వీధిలో నువ్వు చూసినన్ని సినిమాలు చూసినవాళ్ళు లేరు కదా అమ్మమ్మా, నువ్వు చెప్పు, నేను రాస్తాను" అంది.

నిజమే. సినిమాలకి మాటలు రాని రోజుల నుంచి చూస్తున్నాను. యముడి దున్నపోతు మధ్యలో మొరాయిస్తే యముడే దిగి తోసుకెళ్ళిన పౌరాణికం చెప్పాను. తల్లి వేషం వేసినావిడ అన్నం కలుపుతూ ఒక్క మాట మాట్లాడకుండా హాలంతటినీ ఏడిపించిన సాంఘికం చెప్పాను. ఏ భాషో తెలియక జనమంతా లేచి వెళ్ళిపోతే నేనొక్కదాన్నే చివరిదాకా కూర్చున్న సినిమా కూడా చెప్పాను. పిల్ల చకచకా రాసుకుంది.

"వీటన్నిటికన్నా పైన ఇంకోటి రాయాలే. తమలపాకు నమిలేంతసేపు కూడా ఉండదది. రంగూన్‌లో తీశారు" అన్నాను.

"రంగూన్‌లో తీస్తే ఇండియన్ సినిమా ఎలా అవుతుంది అమ్మమ్మా?"

"అప్పట్లో అక్కడా ఇక్కడా ఒకటే దొరతనం. పైగా అందులో నడిచినవాళ్ళంతా మనవాళ్ళే."

పిల్ల నవ్వి కలం మూసేసింది. తర్వాత దానికి చెప్పిందంతా ఇదీ.

గౌతమి సముద్రంలో కలిసేచోట, యానాం రేవుకి ఎదురుగా, పాయకి ఇవతల ఉండేది మా పల్లె. తాటాకు ఇళ్ళు, వలలు ఆరేసుకునే ఇసుక మైదానం, ఆ పక్కన చేపలు ఎండబెట్టే కళ్ళం. ఎండు నెత్తళ్ళ వాసన మా బట్టల్లో, జుట్టులో, చివరికి మేం తినే బెల్లం ముక్కలో కూడా ఉండేది. సంతకెళితే మిగతా పిల్లలు ముక్కు మూసుకునేవారు. వాళ్ళెందుకు మూసుకుంటున్నారో మాకు తెలిసేది కాదు. తేగల కాలంలో కుప్పగా తంపటి వేసేవారు. కాలిన తేగల వాసన, ఎండు చేపల వాసన కలిసి వచ్చే ఆ చలిగాలి నాకింకా జ్ఞాపకం.

మా నాయనమ్మకి ఎవరిమీదా నమ్మకం లేదు. సొంత తమ్ముడు తెచ్చిన చేపనైనా మొప్పలెత్తి వాసన చూసేది. తేగలమ్మే మనిషి వస్తే ఒకటి చీల్చి చూపించమనేది. మా నాన్న యానాం వెళ్ళొస్తే ముందు నోరు వాసన చూసి, ఆ తర్వాతే అన్నం పెట్టేది. పరాసు దొరల, అంటే ఫ్రెంచివాళ్ళ ఊరు కదా యానాం. అక్కడ సారా చవక. మా ఊరి మగవాళ్ళకి ఆ రేవులో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది.

ఆవిడ రెండో కొడుకు, మా చిన్నాన్న, పెళ్ళయిన ఏడాదికే రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. కాకినాడలో పొగ ఓడెక్కితే రంగం రేవులో దింపేవారు. అక్కడ మనవాళ్ళు బస్తాలు మోసేవాళ్ళు. చిన్నాన్నతోపాటు మా ఊరివాడే, ఆయన చిన్నప్పటి జతగాడు, వెళ్ళాడు. ఇద్దరూ వెళ్ళారు. జతగాడొక్కడే తిరిగొచ్చాడు. అప్పటినుంచి అతన్ని ఊరంతా రంగం మావ అనే పిలిచింది.

వచ్చినరోజు అతను మా గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, ఆడు పోయాడు. జరమొచ్చి పోయాడు" అన్నాడు. నాయనమ్మ ఏడవలేదు. అతన్ని పైనుంచి కిందకి చూసింది.

"ఆడి మొలకి ఎండి మొలతాడుండాలి. ఏదిరా?"

"జబ్బు మనిషని బట్టలతో సహా కాల్చేశారు పెద్దమ్మా. నన్ను దగ్గరికి రానియ్యలేదు."

"దగ్గరికే రానియ్యకపోతే పోయింది ఆడేనని నీకెవరు సెప్పారు?"

అంతే, నాయనమ్మ కర్మ చేయనివ్వలేదు. మా పిన్ని గాజులు తీయనివ్వలేదు. పిన్ని ఎప్పటిలాగే తెల్లారే లేచి చేపలు ఎండబెట్టేది, సాయంత్రం ఎత్తేది. చిన్నాన్న ఉన్నాడనీ అనేది కాదు, లేడనీ అనేది కాదు. రంగం మావ మాత్రం వేట నుంచి వచ్చినప్పుడల్లా మా వాకిట్లో కొన్ని చేపలు వేసి, తలెత్తకుండా వెళ్ళిపోయేవాడు. నాయనమ్మ వాటి మొప్పలు మరీ జాగ్రత్తగా చూసేది.

ఏళ్ళు గడిచాయి. కులపెద్దలు నాయనమ్మకి నచ్చచెప్పారు. పడుచుపిల్లని అలా ఉంచడం భావ్యం కాదన్నారు. మాలో మారుమనువు తప్పుకాదు. రంగం మావకి ఇంకా పెళ్ళికాలేదు, మనిషి నెమ్మది, అతనికిచ్చి చేద్దామన్నారు. పిన్నినడిగితే "మీ ఇష్టం" అనకుండా "అత్త ఒప్పుకుంటే" అంది. నాయనమ్మకి ఆ మాటలో కూడా ఏదో వినిపించింది.

"సూశావే, అందుకే ఆడు సచ్చాడని సెప్పాడు. ఇదే ఆడి ఎత్తు" అని రాత్రి నా తల దువ్వుతూ నా చెవిలో అంది. నాకు తొమ్మిదేళ్ళుంటాయేమో. నాకు రంగం మావంటే ఇష్టం, తాటాకుతో పీతలు అల్లి ఇచ్చేవాడు. అయినా ఆ రాత్రే అతనిచ్చిన పీతని అటకమీద పడేశాను.

నాయనమ్మ ఊ అనకముందే పెద్దలు పున్నమి వెళ్ళాక మంచిరోజు చూశారు. సరిగ్గా అప్పుడే యానాం ఇసుకలో డేరా లేచింది.

ఎవరో మద్రాసు మనిషి, తెల్లగుడ్డమీద మనుషుల్ని నడిపిస్తాడట. ఇక చూడండి మా ఊళ్ళో మాటలు. మహమ్మారి సూదులు పొడవడానికి జనాన్ని పోగుచేస్తున్నారని ఒకరు. డేరాలోకి వెళ్ళినవాళ్ళని పరాసువాళ్ళు ఓడెక్కించి దూరదేశం పంపేస్తారని ఇంకొకరు. ఆ పెట్టెలోకి మనిషి నీడని లాగేస్తాడు, నీడపోయినవాడు ఏడాది తిరక్కుండా పోతాడు, అని మా పక్కింటి ముసలావిడ. మేం పిల్లలం కొన్నాళ్ళు తాటాకు అడ్డం పెట్టుకుని, నీడ కనబడకుండా నడిచాం. అంత భయంలోనూ ఒక మధ్యాహ్నం పడవలో దాక్కుని యానాం వెళ్ళి, డేరా కింద దూరి ఆ గుడ్డని ముట్టుకుని వచ్చాం. ఉత్త గుడ్డే. చాకిరేవు వాసనొచ్చింది.

మా నాన్న ఒకరోజు చీకటిపడే వేళకి ఊగుతూ వచ్చాడు. "అమ్మా, రంగం రేవు చూశానే! ఓడలున్నాయి, కూలీలు బస్తాలు మోస్తున్నారు, నీళ్ళు కదులుతున్నాయి!" అన్నాడు.

"ఎంత తాగావురా?" అంది నాయనమ్మ.

మర్నాడు మత్తు దిగాక కూడా నాన్న అదే మాట అన్నాడు. తను బాగా వెనకెక్కడో నిలబడ్డాడట, ముఖాలు ఆనలేదట, కానీ అది రంగమేనని డేరా మనిషి అరిచి చెప్పాడట. ఆ మాట అంటున్నప్పుడు రంగం మావ మా వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. అతని చేతిలో దారం ఆగిపోవడం నేను చూశాను. నాయనమ్మ కూడా చూసింది.

"ఏంట్రా, నువ్వున్న ఊరే కదా. మాతో రా, ఎక్కడ ఏముందో సెబుదువుగాని."

"నేను రాను పెద్దమ్మా."

"ఏం?"

"నాకు పనుంది" అని వల అక్కడే వదిలేసి లేచిపోయాడు.

ఆ వల మా వాకిట్లో సాయంత్రం దాకా అలాగే పడి ఉంది. నాయనమ్మ దానివంక చూస్తూ కూర్చుని కూర్చుని, "పదండే" అంది. డేరా అంటే ఊరందరిలాగే భయపడిన మనిషి, రంగం మావ అలా జారుకోవడం చూసి బయలుదేరింది. టిక్కెట్టుకి డబ్బుకి బదులు కట్టెడు ఎండు సావిడాయి చేపలు పట్టుకెళ్ళాం. అలా కూడా తీసుకునేవారు.

డేరా మధ్యలో గుడ్డ కట్టి, నీళ్ళు చల్లి తడిపారు. మగవాళ్ళు ముందువైపు, ఆడవాళ్ళు గుడ్డకి వెనకవైపు. తడిగుడ్డ కదా, వెనక నుంచి కూడా బొమ్మ కనిపించేది. మగవాళ్ళ వైపునుంచి కొలిమి తిత్తిలా బుసకొడుతూ ఒక దీపం, టకటకమని మర తిప్పే చప్పుడు. చుట్టూ ఆడవాళ్ళ తలనూనె, కాలిన తేగలు, నలిగిన గడ్డి వాసన. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నా నీడ ఎక్కడికీ పోకుండా కాబోలు.

ముందు ఏవో బొమ్మలొచ్చాయి. గుర్రబ్బండి, దొరసాని, గోడ కూల్చే మనుషులు. ఆ తర్వాత డేరా మనిషి "రంగూన్ హార్బర్!" అని అరిచాడు.

ఓడ పక్క. ఓడమీద నుంచి వేసిన బల్ల. బల్లమీద నుంచి వరసగా దిగుతున్న మనుషులు, అందరి భుజాల మీదా బస్తాలు. మన గోచీలే, మన తలగుడ్డలే. ఒకడు దిగాడు, ఇంకొకడు దిగాడు. తర్వాతివాడు బల్ల చివరికొచ్చి మెడ తిప్పి వెనక్కి చూశాడు. నవ్వాడు. మళ్ళీ ముందుకి తిరిగి నడుచుకుంటూ గుడ్డ అంచుదాకా వచ్చి మాయమయ్యాడు.

"ఒరే!" అని కేకపెట్టి నాయనమ్మ లేచింది.

ఆడవాళ్ళను తొక్కుకుంటూ వెళ్ళి గుడ్డ పట్టుకుంది. అప్పటికి బొమ్మ అయిపోయింది. ఆవిడ గుడ్డ చుట్టూ తిరిగి మగవాళ్ళ వైపుకి వెళ్ళి, "మా అబ్బాయి ఇటే వచ్చాడు. మీరెవరన్నా సూశారా?" అని అడిగింది. మగవాళ్ళు పెద్దగా నవ్వారు. పిన్ని వెళ్ళి ఆవిడ చెయ్యిపట్టి తీసుకొచ్చింది.

పడవలో వస్తుండగానే నాయనమ్మకి మళ్ళీ అనుమానం మొదలైంది.

"ఆడి కుడి భుజం మీద కదే ఎప్పుడూ బరువు. పడవ గెడ తగిలి ఎడం భుజం ఇరిగింది గదా. ఈడు ఎడం భుజం మీద మోస్తన్నాడు. ఈడు ఆడు కాడేమో."

"ఆయనే అత్తా" అంది పిన్ని.

పొద్దున్నే నాయనమ్మ మళ్ళీ పాయ దాటింది, నన్ను వెంటబెట్టుకుని. డేరా మనిషి పాతకోటు వేసుకుని, అరుగుమీద కాఫీ తాగుతున్నాడు. విషయం విని అతను నవ్వలేదు. ఒక తడిగుడ్డ పైకెత్తి పట్టుకుని, దాని అవతల నిలబడి చెయ్యి ఎత్తాడు. "ఏ చెయ్యమ్మా?" అన్నాడు. "ఎడం చెయ్యి" అంది నాయనమ్మ. "ఇటొచ్చి చూడండి" అన్నాడు. అటు వెళ్ళి చూస్తే కుడిచెయ్యి. "మీరు ఎనక కూచున్నారు గదా. అన్నీ తిరగబడి కనిపిస్తాయి."

"అయితే ఆడే!" అంది నాయనమ్మ. "నా కొడుకు బతికే ఉన్నాడు!"

"బొమ్మ ఎప్పుడు తీసిందో నాకు తెలవదమ్మా. నేను మద్రాసులో కొన్నాను" అన్నాడతను. ఆ మాట నాయనమ్మ చెవికెక్కలేదు.

ఆ మధ్యాహ్నం వలల మైదానంలో పెద్దలు కూర్చున్నారు. ఊరంతా చేరింది. రంగం మావని మధ్యలో కూర్చోబెట్టారు. డేరా మనిషిని కూడా పిలిపించారు. చాలామందికి అతనే మోసగాడనిపించింది, తెల్లగుడ్డ మీద ఎవరి కొడుకునైనా చూపించగలడన్నారు.

"ఈ బొమ్మ ఉందని నీకు ముందే తెలుసా?" అని పెద్దాయన రంగం మావనడిగాడు.

"తీయడం సూశానండి. ఓ దొర మూడుకాళ్ళ పెట్టె పెట్టి తీశాడండి. నేనక్కడే ఉన్నానండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏం తీశాడో మాకు తెలీదండి. నిన్న ఈ అన్న చెబుతుంటే తెలిసింది" అని మా నాన్నని చూపించాడు.

"తెలిశాక చూడ్డానికి రానన్నావటగా?"

అతను తలదించుకున్నాడు. "సూడలేనండి."

"సూడలేవా? బతికున్నోణ్ణి సంపేసి, ఆడి పెళ్ళాన్ని కట్టుకుందామని వచ్చావు. ఎట్టా సూత్తావురా!" అని నాయనమ్మ ఇసుక దోసిట్లోకి తీసి అతనిమీద చల్లింది. ఎవరో కుర్రాళ్ళు అతని తలగుడ్డ లాగేశారు. ఒకడు గెడకర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. రంగం మావ లేవలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. నాకు భయమేసి నాన్న వెనక దాక్కున్నాను.

"ఆగండి."

పిన్ని గొంతు అంత పెద్దగా అంతకుముందు ఎవరూ వినలేదు. చేపల కళ్ళం నుంచి అలాగే వచ్చింది, మోచేతుల దాకా పొలుసులు.

"నా మొగుడు గురించి కదా ఈ గొడవ. నన్నెవరూ అడగలేదు. ఈ పూట డేరాలో ఈయన్ని నా పక్కన కూర్చోబెట్టండి. బొమ్మ మీరంతా సూడండి. నేను ఈయన ముఖం సూత్తాను. తర్వాత ఏం చెయ్యాలో నేను చెబుతాను."

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి పెద్దాయన సరేనన్నాడు.

ఆ సాయంత్రం మా ఊరు మొత్తం పాయ దాటింది. మమ్మల్ని గుడ్డకి ముందువైపే కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు అటు కూర్చోవడం అదే మొదలు. నాయనమ్మకి ఒకపక్క రంగం మావ, అతని పక్కన పిన్ని, నేను పిన్ని ఒళ్ళో. గుర్రబ్బండి వచ్చింది, దొరసాని వచ్చింది. "రంగూన్ హార్బర్!"

ఈసారి బస్తా కుడి భుజం మీదే ఉంది. నేను మధ్యలో తలెత్తి పిన్నివంక చూశాను. గుడ్డమీద నుంచి వచ్చే వెలుగు ఆమె చెంప మీద పడుతోంది. ఆమె అటు చూడ్డంలేదు. రెప్ప వెయ్యకుండా రంగం మావ ముఖమే చూస్తోంది.

"పెద్దమ్మా, ఆ తర్వాత దిగేది నేను" అన్నాడతను. "నా బస్తా జారుతోంది, సూడు. 'మెడ వంచరా ఎర్రోడా' అంటన్నాడు. అందుకే తిరిగాడు. అదిగో... నవ్వాడు."

నిజమే. చిన్నాన్న వెనక ఇంకొకడు ఉన్నాడు. సన్నగా, బస్తా కింద సగం ముఖం మాత్రమే కనబడుతూ. మొదటిరోజు మేమెవ్వరం అతన్ని చూడనే లేదు.

"నన్ను సూసి తిరిగాడనుకున్నాన్రా" అంది నాయనమ్మ.

"కాదు పెద్దమ్మా. నన్ను సూసి."

బొమ్మ అయిపోయింది. చీకట్లో రంగం మావ మాట్లాడుతూనే ఉన్నాడు. అది ఓడదిగిన కొత్తల్లోనట. ఆ ఎండాకాలంలోనే చిన్నాన్నకి జ్వరం తగిలిందట. జబ్బుమనుషుల్ని పెట్టిన బస కిటికీలోంచి రోజూ ఇతన్ని పేరుపెట్టి పిలిచేవాడట. బయట కాపలా. ఒకరోజు పిలవలేదట. "బతికుంటే పిలిచేవాడు పెద్దమ్మా. అది ఒక్కటే నాకు తెలుసు. ఇంకేం తేలేదు నేను. తేవడానికేం లేదు."

పడవలో పిన్ని, నాయనమ్మ పక్కన కూర్చుని మెల్లిగా చెప్పింది. "పోయాడత్తా. ఈయన ముఖం సూశాను."

నాయనమ్మ పిన్ని గాజుల చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, ఒడ్డు చేరేదాకా నిమురుతూనే ఉంది. గాజులు తీసింది కూడా ఆవిడే. గుమ్మంలో కాదు, ఆ పడవలోనే, ఒక్కొక్కటే మెల్లిగా, ఒక్కటి కూడా పగలకుండా.

ఊళ్ళో అనుమానాలు అంతటితో తీరాయనుకోకండి. రంగం మావ గొప్పగా నటించాడన్నవాళ్ళున్నారు. ముఖం చూసి నిజం చెప్పేస్తుందా ఆడది అని నవ్వినవాళ్ళున్నారు. ఒకసారి పక్కింటి ముసలావిడ ఆ మాటే ఎత్తితే నాయనమ్మ చేపల కత్తి కిందపెట్టి, "నా కోడలు సూసింది. ఇంకెవరూ సూడక్కర్లేదు" అంది. చిన్నాన్నకి ఏటి ఒడ్డున కర్మ చేశారు. కొన్నాళ్ళాగి పిన్నికి రంగం మావతో మనువు జరిగింది. పెళ్ళికి నాయనమ్మ పీతల పులుసు తనే వండింది. ఎవరినీ ఆ కుండ దగ్గరికి రానివ్వలేదు, ఉప్పు సరిగ్గా వెయ్యరని.

కానీ నేను చెప్పాలనుకున్నది డేరా ఎత్తేసిన పొద్దు గురించి.

డేరా మనిషి సామాను పడవకెక్కిస్తుంటే నాయనమ్మ ఒక గంపెడు ఎండురొయ్యలు పట్టుకుని రేవుకి వచ్చింది. "ఆ బొమ్మ నాకియ్యి బాబూ" అంది. మర లేకుండా బొమ్మ కదలదమ్మా అని అతను చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. సరే, చూడండని ఒక రేకుడబ్బా తెరిచి, నల్లటి పట్టీ ఒకటి కొంచెం విప్పి ఎండకి పట్టాడు. నేనూ మడమలెత్తి చూశాను. గోరంతేసి బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. ఒక్కొక్కదాంట్లో చిన్నాన్న. ఒకదాంట్లో కాలు ఎత్తాడు, దాని కిందదాంట్లో ఇంకొంచెం ఎత్తాడు. ఇంకా కిందికెళితే మెడ తిరుగుతోంది.

నాయనమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. డేరా మనిషి జేబులోంచి కత్తెర తీశాడు. "ఓ ముక్క కోసిస్తానమ్మా. నవ్వే ముక్క ఇస్తాను. ఉంచుకోండి. మధ్యలో కొంచెం పోయినా జనానికి తెలవదు."

ఆవిడ చెయ్యి చాచింది. చాచిన చెయ్యి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"వద్దు బాబూ. కొయ్యకు. అక్కడ తెగిపోతే ఆడు ఒడ్డుకెట్టా సేరతాడు? నడవనీ."

అతను పట్టీని జాగ్రత్తగా చుట్టి డబ్బాలో పెట్టాడు. రొయ్యల గంప నాయనమ్మే పడవలో పెట్టింది. పడవ పాయలోకి మళ్ళేదాకా రేవులోనే నిలబడింది.

ఆ తర్వాత నేను ఎన్ని సినిమాలు చూశానో. పెద్దపెద్ద నటులు గంటసేపు పాడుతూ చచ్చిపోవడం చూశాను. ఆ మద్రాసు మనిషి మళ్ళీ మావైపు రాలేదు. ఆ డబ్బా ఏ ఊళ్ళు తిరిగిందో, ఎవరి చేతుల్లో పడిందో తెలియదు. ఏ సంతలోనో, ఏ తడిగుడ్డ మీదనో, మా వాళ్ళెవరో తెలియని జనం ముందు చిన్నాన్న బల్ల దిగుతూ ఆగి, జతగాడి వంక తిరిగి నవ్వి, మళ్ళీ బస్తా సర్దుకుని నడిచి ఉంటాడు.